రాజాజ్ఞయా, రాజ్యరక్షణయా? – మహామంత్రి తిమ్మరుసు వృత్తాంతము

మన గుడిబండ గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొను ఈ శుభసమయమున సంచికకొక చరిత్ర వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. వ్యాసము మన సీమకు సంబంధించినదై యుండవలెననియు, చదువరి ఇంటికి పోయిన పిదపకూడ ఆలోచించుకొనదగినదై యుండవలెననియు వారి నిబంధన. చెప్పుకొనదగిన పాండిత్యము నాకు లేదు. గ్రామపు లెక్కలు వ్రాయుచు, మిగిలిన ప్రొద్దులలో ఈ బీరువాలముందు కూర్చుండి చదువుకొన్నదే నా చదువు. కావున దూరదేశముల జోలికి పోక, మడకశిరలో బస్సెక్కినచో పూటలోపల చేరదగిన పెనుకొండను ఆశ్రయించుచున్నాను.

పెనుకొండ పేరు చెప్పగానే మనవారికి గగనమహలును, ఎఱ్ఱమంచి వాకిట నిలువెత్తు ఆంజనేయుడును, బాబయ్య దర్గాయు స్ఫురించును. 1565లో రక్కసితంగడి యుద్ధమున విజయనగరము కూలిన పిమ్మట రాజ్యలక్ష్మి తలదాచుకొన్న చోటు ఇదియే. కాని నేను చెప్పబోవు కథ దానికి ముప్పది నలుబదియేండ్లు వెనుకటిది. శ్రీకృష్ణదేవరాయలు 'అప్పాజీ' యని పిలిచిన సాళువ తిమ్మరుసు ఆ పెనుకొండలోనే బందీయై, కన్నులు పోయి, తనువు చాలించెనని స్థానికులు చెప్పుదురు. అతని చెఱయని ఒక కట్టడమును చూపుదురు. 1962లో 'మహామంత్రి తిమ్మరుసు' చలనచిత్రము వచ్చిన నాటినుండి గుమ్మడి వేంకటేశ్వరరావుగారి ముఖమే తిమ్మరుసు ముఖమైపోయినది. కంట నీరు పెట్టుకొని ఇంటికి పోవుటకు ఆ చిత్రము చాలును. నాకు మాత్రము ఆ కన్నీటివెనుక ఒక చిక్కు ప్రశ్న నిలిచియున్నది. రాజ్యరక్షణ భారమును మోయువాడు, ప్రభువే అధర్మమైన ఆజ్ఞ ఇచ్చినచో ఏమి చేయవలెను? చేసిన పిదప అతనికేమగును?

ఈ ప్రశ్నకు మొదలు 1509లో కలదు.

ఆ యేడు విజయనగరమున వీరనరసింహరాయలు మరణశయ్యపై నుండెను. ఆయన కుమారునికి ఎనిమిదేండ్లు. తమ్ముడు కృష్ణరాయడు ఇరువదేండ్లు దాటిన పడుచువాడు. తాను పోయినచో తమ్ముడు సింహాసన మెక్కునేగాని కొడుకును ఎక్కనీయడని వీరనరసింహుని భయము. మంత్రి తిమ్మరుసును పిలిపించి, కృష్ణరాయని కన్నులు పెఱికించి తెచ్చి చూపుమని ఆజ్ఞాపించెను. అంధునకు పట్టాభిషేకము లేదు గదా! ధృతరాష్ట్రుని కథ ఎఱిగిన దేశమున ఇది ఎవ్వరికిని విడమఱచి చెప్పవలసిన పనిలేదు.

తిమ్మరుసు కాదనలేదు. కృష్ణరాయని గుఱ్ఱపుసాలకు తోడ్కొనిపోయి అన్నగారి ఆజ్ఞను ఉన్నదున్నట్లు తెలిపెను. తనకు రాజ్యకాంక్ష లేదనియు, యోగియై దేశాలు పట్టిపోవుదుననియు, తన కన్నులతో అన్నకేమి పనియనియు ఆ పడుచువాడు మొఱపెట్టుకొనెనట. అంతట తిమ్మరుసు ఒక మేకను తెప్పించి, దాని కన్నులు తీయించి, వానినే వీరనరసింహునకు చూపెను. రాజు తృప్తిపడి కన్నుమూసెను. కృష్ణరాయలు రాజయ్యెను.

ఈ వృత్తాంతము మన కవులు వ్రాసినది కాదు. న్యూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱపువర్తకుడు 1535 మొదలు రెండు మూడేండ్లు విజయనగరమున నుండి, అచ్యుతరాయల కాలమున ఆ నగరమున వినిన సంగతులను తన భాషలో వ్రాసిపెట్టెను. ఆ వ్రాతప్రతి పారిసు నగరపు గ్రంథాలయమున పడియుండగా 1897లో లిస్బనున అచ్చయ్యెను. మద్రాసులో ఉద్యోగము చేసిన రాబర్టు స్యూయెల్ దొర 1900లో దానిని ఇంగ్లీషు చేయగా మన పెద్దలకు తెలియవచ్చినది. ఎక్కడనో ఒక గ్రంథాలయపు మూల దుమ్ములో నుండిన కాగితములవలన మన తిమ్మరుసు కథ మనకు తిరిగి దక్కెనన్నమాట. గ్రంథాలయోత్సవమున ఈ మాట చెప్పుకొనుట అప్రస్తుతము కాదనుకొందును.

న్యూనిజ్ కన్నులార చూచినవాడు కాడు, వినినవాడు. వినికిడిలో తప్పులు దొర్లును. ఏండ్ల లెక్కలలో అతడు పలుమాఱు తడబడినాడు. అయినను తిమ్మరుసు పతనమునకు పదిపదునైదేండ్లలోపలనే ఆ నగరములోనే వ్రాసినవాడు గనుక అతని మాటను త్రోసివేయుటకు వీలులేదు. అతనికి ముందు, 1520 ప్రాంతమున, డోమింగో పేస్ అను మఱొక పోర్చుగీసువాడు కృష్ణరాయల కొలువును స్వయముగా చూచెను. వృద్ధుడైన తిమ్మరుసు రాజగృహమంతటిపై అధికారము నెఱపుచుండెననియు, గొప్ప గొప్ప దొరలు అతనియెడ రాజునెడ మెలగినట్లే మెలగుచుండిరనియు అతడు చెప్పెను.

ఇక తిమ్మరుసు చేసిన పనిని విచారింతము. ఇది ద్రోహమా, ధర్మమా?

మన పురాణములలో దీనికి దగ్గఱి కథ విదురునిది. వారణావతమున లక్కయింట పాండవులను కాల్చివేయుటకు పన్నాగము పన్నిన రాజకుటుంబపు కూడు తినుచునే విదురుడు, ధర్మరాజునకు ఇతరులకు తెలియని మాటలలో హెచ్చరిక చేసెను. పిదప నమ్మకమైన ఖనకుని పంపి సొరంగము త్రవ్వించెను. కాని ఆ కథలో మనము తఱచు మఱచునది యొకటి కలదు. ఆ రాత్రి ఆ యింట నిదురించిన నిషాద స్త్రీయు, ఆమె కొడుకులైదుగురును కాలిపోయిరి. ఆ ఆఱు శవములే పాండవులు చనిపోయిరన్న నమ్మకమును హస్తినాపురమున కలిగించినవి. తిమ్మరుసు చూపిన గుఱుతునకు మేక యొక్కటియే బలి. రక్షణకార్యమున అబద్ధము తప్పనిసరియైనపుడు దాని ధర ఎవరు చెల్లించిరన్నదే నేను మొదట చూచెదను. అట్లు చూచినచో మన అప్పాజీయే మేలు.

అయితే అతడు నిస్స్వార్థుడని మాత్రము నేను కన్నులు మూసుకొని చెప్పజాలను. ఎనిమిదేండ్ల బాలుడు రాజైనను మంత్రికి పెత్తనమే, తనవలన ప్రాణము దక్కిన పడుచువాడు రాజైనను పెత్తనమే. ఇటు తూర్పున గజపతి, ఉత్తరమున సుల్తానులు కాచుకొని యుండగా పసివానిని సింహాసనమున కూర్చుండబెట్టుట రాజ్యమునకు కీడని అతడు తలచియుండును. అది సరియైన తలంపేయని తరువాతి ఇరువదేండ్ల చరిత్ర చాటినది. అతని వారికిని మేలు కలిగినది. 1515 జూను 23న కొండవీటి దుర్గము వశమైన పిమ్మట దాని అధికారము తిమ్మరుసునకు రాగా, అతని మేనల్లుడు నాదెండ్ల గోపన అచట పాలన చేసెను. అతని సోదరుడు విజయనగర పట్టణమునకే అధికారి. ఇన్ని పదవులు ఒక యింట చేరినపుడు ఓర్వలేనివారు పుట్టకపోరు. తరువాత జరిగినదానిలో ఈ ఓర్వలేనితనమునకెంత పాలు కలదో లెక్కకట్టుటకు ఏ దస్త్రమును లేదు.

అబద్ధము మాట వచ్చినది గనుక ఇంకొక కథ చెప్పవలెను. 1600 ప్రాంతమున మధుర నాయకుల కొలువున పుట్టినదని పండితులు తలచు 'రాయవాచకము' అను తెలుగు వచనగ్రంథమున అప్పాజీయే అడుగడుగున కనబడును. కళింగముపై దండెత్తిన కృష్ణరాయలు గజపతి రాజధానిని సమీపించినపుడు, గజపతి పక్షమున పదాఱుగురు మహాపాత్రులు సేనలతో నిలిచియుండిరట. వారితో తలపడినచో నెత్తురు ఏఱులై పాఱును. అప్పాజీ ఆ పదాఱుగురి పేర, వారు తమ ప్రభువును పట్టి ఇచ్చుటకు ముందే ఒప్పుకొన్నట్లు ఉత్తరములు వ్రాయించి, కానుకలతోకూడ అవి గజపతి చేతికే చిక్కునట్లు చేసెను. గజపతి తనవారినే అనుమానించి కోట విడిచి పాఱిపోయెను. సంధి కుదిరెను. కూతునిచ్చి వియ్యమందెను. ముద్రారాక్షసమున చాణక్యుడు రాక్షసుని ముద్రతో కల్పించిన జాబు జ్ఞప్తికి వచ్చుచున్నది గదా! ఇది జరిగినదో, రెండుమూడు తరముల తరువాత కథకుని ఊహయో, ఎట్లయినను అప్పాజీని జనులు ఎట్టివానిగా తలచిరో దీనివలన తెలియుచున్నది. యుద్ధము లేకుండ గెలుచుటయే అతని నేర్పు.

కాని ఆ పదాఱుగురు మహాపాత్రుల సంగతి ఏమి? వారు ద్రోహులు కారు. స్వామిభక్తితో నిలిచినవారిపై చేయని ద్రోహము మోపబడినది. వారి ప్రభువు విచారింపక నమ్మెను. రాయవాచకము చదువునపుడు నవ్వి ఊరకొందుముగాని, నాకు ఆ ఘట్టము చదివినప్పుడెల్ల అప్పాజీ పతనమే కనులముందు మెదలును. చేయని నేరము మోపబడుట, ప్రభువు విచారింపక నమ్ముట అతని పాలను కూడ పడినవి.

అది ఎట్లు జరిగెనో న్యూనిజ్ ఇట్లు చెప్పెను. కృష్ణరాయలు వయసు మీఱుచుండుటచే తన ఆఱేండ్ల కుమారునకు పట్టము కట్టెను. ఆ బాలుడే తిరుమలరాయలు. 1524 ప్రాంతపు శాసనములలో అతని పేరు రాజనామముగా కనబడుచున్నది. రాయలు తానే బాలునికి మంత్రియై, అంతవఱకు మంత్రియైన తిమ్మరుసును ఆలోచన చెప్పువానిగా నిలిపి, అతని కుమారుని ఒక పెద్ద దొరను చేసెను. ఎనిమిది మాసములు ఉత్సవములు జరిగినవి. ఆ ఉత్సవములలోనే బాలునికి జబ్బు చేసెను, చనిపోయెను. తిమ్మరుసు కొడుకు విషము పెట్టెనని ఎవరో రాయలకు చెప్పిరి. రాయలు దానిని నిజమని నమ్మి, తిమ్మరుసును, అతని కొడుకులను, సోదరుని, బంధువులైన దండనాయకులను కొలువునకు పిలిపించెను.

పాఠకులారా, ఇచట కొంచెము నిలిచి చదువవలెను. కొలువున రాయలు తిమ్మరుసుతో పలికిన మాటల సారము న్యూనిజ్ గ్రంథమున ఇట్లున్నది. నిన్ను పరమమిత్రునిగా చూచుకొంటిని. ఈ రాజ్యము నాకు నీవే యిచ్చితివి. ఐనను అందులకు నేను నీకు ఋణపడలేదు. ఎందుచేత? నీ ప్రభువైన నా అన్న నా కన్నులు పెఱుకుమని ఆజ్ఞాపించినపుడు నీవు ఆ ఆజ్ఞ నెఱవేర్పక మేకకన్నులు చూపి మోసగించితివి. ఆనాడే నీవు ద్రోహివైతివి. ఇపుడు నా కొడుకును చంపితివి.

ఇట్లని రాయలు తానే లేచి వారిని పట్టుకొనెను. ఆనాడు గుఱ్ఱములు తెచ్చియున్న పోర్చుగీసువారిని కూడ సాయమునకు పిలిచెను. సొంత కొలువున, సొంత మంత్రిని బంధించుటకు పరదేశి గుఱ్ఱపువర్తకుల సాయము వేడవలసి వచ్చినదన్నచో, ఆ కొలువున తిమ్మరుసు మాట ఎంతవఱకు చెల్లుచుండెనో, రాయలు ఎంత భయపడియుండెనో ఊహించుకొనవచ్చును.

విషపు నేరము సంగతి అటుంచుడు. మొదటి నేరమును చూడుడు. ఏ పనివలన తన కన్నులు, తన సింహాసనము, తన కీర్తి నిలిచినవో, ఆ పనినే రాయలు నేరముగా ఎంచెను. కొడుకును పోగొట్టుకొన్న తండ్రి నోట వచ్చిన మాటయని మన్నింపవచ్చును. కాని తర్కమును చూచినచో అందులో ఒక భయంకరమైన పొసగుదల కలదు. ఒక ప్రభువునకు అబద్ధము చెప్పినవాడు ఇంకొక ప్రభువునకు చెప్పడని నమ్మకమేమి? రాజాజ్ఞను కాదని రాజ్యమేలు చూచినవాడు, ఇపుడు రాజ్యమేలు పేరిట నా కొడుకును తొలగించియుండడా? తిమ్మరుసు గుఱ్ఱపుసాలలో చేసిన పనికి రాజు తప్ప వేఱొక సాక్షి లేడు. ఆ సాక్షియే న్యాయాధిపతియై ఎదురు తిరిగెను. రాజ్యరక్షణ కార్యములు గుట్టుగా జరుగునవి గనుక, అందు చేసిన కీడునకు సాక్ష్యముండదు, చేసిన మేలునకును సాక్ష్యముండదు. నేను ఇన్నేండ్లుగా ఈ కథను మఱల మఱల చదువుట ఈ యొక్క సంగతి కొఱకే.

గుట్టుగా కాక బాహాటముగా కాదన్నవారును కలరు. 1930 ఏప్రిలు 23న పెషావరు కిస్సాఖ్వానీ బజారులో, ఆయుధములు లేని ఖుదాయి ఖిద్మత్‌గారులపై తుపాకులు కాల్చుడని ఆంగ్లాధికారి ఆజ్ఞ యిచ్చెను. గఢ్వాలీ దళపు హవల్దారు మేజరు చంద్రసింగ్ తనవారిని కాల్పనీయలేదు. నిరాయుధులపై తుపాకి ఎత్తమనిరి. సైనిక న్యాయస్థానము యావజ్జీవ శిక్ష వేసినది. 1941లో గాని ఆయనకు విడుదల కాలేదు. చంద్రసింగ్ పదునొకండేండ్లు చెఱలో గడిపెను, కాని అతడు చేసినది ఏమో దేశమంతయు ఆ వారములోనే ఎఱుగును. అతనిని ద్రోహి యనుటకు ఆ ప్రభుత్వమునకు వీలుండెను, అతడు ఏమి చేసెనో మార్చి చెప్పుటకు వీలు లేకపోయెను. తిమ్మరుసునకు ఆ దారి తెఱచియుండెనా? 1509లో మరణశయ్యముందు 'చేయను' అనియుండినచో రాజు మఱొక సేవకుని పిలుచును, ఆ సేవకుడు కన్నులు పెఱికి తెచ్చును. తిమ్మరుసు చేతులు శుభ్రముగానే యుండును, కృష్ణరాయడు మాత్రము అంధుడగును. తన చేతులు శుభ్రముగా నుండుటయా, ఎదుటివాని కన్నులు నిలుచుటయా అన్నపుడు తిమ్మరుసు రెండవదానిని కోరెను. ఇందు అతనిని నేను తప్పు పట్టజాలను.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప 1945–46లో నూరెంబర్గున జర్మను నాయకులను విచారించినపుడు, పైవాని ఆజ్ఞ అన్నమాట నేరమునుండి విడుదల చేయజాలదని ధర్మాసనము తీర్పు చెప్పెను. మన కాలమువారికి ఈ సూత్రము పుస్తకమున వ్రాసియున్నది. తిమ్మరుసునకు ఏ పుస్తకమును లేదు.

చిన్నవాని అనుభవము చెప్పుట ఔచిత్యము కాకపోవచ్చును, ఐనను చెప్పుదును. ఒక కరవు సంవత్సరమున, ఎండిపోయిన వేరుసెనగ చేలను పండినట్లు అడంగలులో వ్రాయుమని నా పై అధికారి యొకరు నోటిమాటగా చెప్పిరి. "అయ్యా, తమ ఆజ్ఞ వ్రాతమూలకముగా దయచేయించిన వ్రాసెదను" అని మనవి చేసితిని. వ్రాత రాలేదు. చేలు ఎండినట్లే వ్రాసితిని. ఆ యేడు నాకు రావలసిన చిన్న సౌకర్యమొకటి మాత్రము రాలేదు. మేకకన్నులతో పోల్చుటకు ఇది ఏపాటి? కాని ఆ వారము రోజులు రాత్రులయందు నిదుర పట్టక దొర్లుచు తిమ్మరుసునే తలచుకొంటిని. కాగితమున వ్రాయింపదగిన ఆజ్ఞ వేఱు, ఎవ్వరును వ్రాయింపజాలని ఆజ్ఞ వేఱు. అతనికి పడినది రెండవది.

ఇక రాయల పక్షము. కృష్ణరాయలు క్రూరుడని చెప్పుట నా ఉద్దేశము కాదు. తాను రాజైనపుడు అన్నకొడుకును, తన సోదరులను చంద్రగిరి కోటలో ఉంచెనేగాని ఎవరి కన్నులును తీయించలేదు. ఆ చంద్రగిరినుండియే అచ్యుతుడు 1529లో వచ్చి రాజయ్యెను. ఆముక్తమాల్యద నాలుగవ యాశ్వాసమున, యామునాచార్యుడు కొడుకునకు బోధించిన రాజనీతిగా రాయలు తన అనుభవమునంతయు పోసెను. దుర్గములను ఆప్తులైన బ్రాహ్మణులకు అప్పగింపుమని అందు కలదు; కొండవీటి ఏర్పాటు ఆ నీతికి ఉదాహరణమే. మరణశిక్ష పొందినవానికి ముమ్మాఱు మొఱపెట్టుకొన అవకాశ మిమ్మనియు అందు కలదు. కాని వెంటనే ఒక మినహాయింపును చేర్చెను. ఎవడు తప్పించుకొనినచో రాజునకే ముప్పు వచ్చునో, వానికి ఆ అవకాశ మక్కఱలేదు.

ఆ మినహాయింపు ద్వారమంత పెద్దది. పరిపాలన నెఱిగినవారికి ఇది తెలియును. రాజ్యమునకు ముప్పు అన్న ఒక్కమాట చేర్చినచో ఏ నియమమైనను ప్రక్కకు తొలగును. తిమ్మరుసంతటి వానికంటె రాజునకు ముప్పు తేగలవాడు ఎవడు? ముమ్మాఱు మొఱపెట్టుకొనుటకు బోధించిన రాజు కొలువున అప్పాజీకి ఒక్కమాఱైనను విచారణ జరిగినట్లు న్యూనిజ్ వ్రాయలేదు. విషము పెట్టినట్లు చూచినవాడెవడు, చెప్పినవాడెవడు, వైద్యుడేమనెను అను ప్రశ్నలు ఆ కథలో లేనేలేవు.

కన్నులు పెఱుకుట వెంటనే జరుగలేదని గమనింపవలెను. చలనచిత్రమున చూచినవారికి ఇది క్రొత్తగా తోచును. మూడేండ్లు వారందఱు చెఱలోనే యుండిరి. మూడేండ్లకు తిమ్మరుసు కొడుకొకడు తప్పించుకొని, దొంగలు దాగు కొండలలో బంధువొకడు ఏలుచుండిన కోట చేరి, అచటినుండి రాయలపై యుద్ధము సాగించెను. రాయలు మఱొక మంత్రిని సేనతో పంపి కోటను ముట్టడింపజేసి వానిని పట్టి తెప్పించెను. అప్పుడు తండ్రిని, కొడుకులను వధ్యస్థానమునకు పంపి కన్నులు తీయించెను. బ్రాహ్మణులను చంపరాదు గనుక ఈ శిక్ష. తిరిగి చెఱలో వేయగా, తప్పించుకొనిన కొడుకు అచటనే చనిపోయెను. తండ్రియు, ఇంకొక కొడుకును మిగిలిరి. 1529లో రాయలు కూడ కాలధర్మము చెందెను.

కొడుకు ఆయుధము పట్టుట తండ్రి నేరమునకు సాక్ష్యమని ఆనాడు కొలువున అందఱు తల లూపియుందురు. నిరపరాధియైన పడుచువాడు మూడేండ్లు చీకటికొట్టున నుండి తప్పించుకొనినచో ఏమి చేయునని ఎవరైన అడిగియుందురా? తండ్రి తప్పించుకొనలేదు. నలువైపుల బంధువులు, దుర్గములు కలవాడు, పేస్ చూచిన నాటికి దొరలందఱిచే మ్రొక్కించుకొనినవాడు, కొలువునకు పిలువగానే వచ్చెను. పిలుపులోని అపాయము వాసన పట్టలేనంత అమాయకుడా? ఒకరి కన్నులు దాచిన మంత్రి తన కన్నులు దాచుకొనుటకు సేన నెత్తలేదు. ఎత్తియుండినచో విజయనగరము 1565 దాక ఆగకయే రెండుగా చీలియుండెడిది. కొడుకు చేసిన పనిని, తండ్రి చేయక మానిన పనిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన, మహామంత్రి యనుమాటకు అర్థము నాకు కొంత తెలిసినది.

మన సీమలో కన్నులు పోయిన అధికారి కథ ఇంకొకటి కలదు. లేపాక్షి విరుపణ్ణను ఎఱుగనివారు హిందూపురపు చుట్టుప్రక్కల ఉండరు. అచ్యుతరాయల కాలమున పెనుకొండ అధికారియై, అన్నదమ్ములు కలిసి వీరభద్రాలయము కట్టించిరి. ఖజానా సొమ్ము గుడికి వాడెనని రాజు ఆగ్రహించి కన్నులు తీయుడని ఆజ్ఞ చేయగా, విరుపణ్ణ తానే పెఱుకుకొని గోడకు విసరెనని జనశ్రుతి. పూర్తికాని కల్యాణమండపము చెంత గోడపై ఎఱ్ఱని మరకలు రెండింటిని ఇప్పటికిని చూపుచున్నారు. లెక్కలవాడను గనుక ఒక్కమాట అందును: లెక్క చూపినచో ఒప్పో తప్పో తేలియుండెడిది. తిమ్మరుసు కథలోను, విరుపణ్ణ కథలోను విచారణ అన్నది కనబడదు, కన్నులే కనబడును.

ఇటువంటి కథలు పెఱదేశములందును కలవు. కుస్తుంతునియాలో జస్టీనియను చక్రవర్తికి రాజ్యములు గెలిచియిచ్చిన సేనాని బెలిసారియసు, ముసలితనమున 562లో కుట్ర నేరముపై నిర్బంధింపబడి, మఱుసటి యేడే విడుదల పొందెను. చక్రవర్తి అతని కన్నులు తీయించెననియు, అతడు వీధిలో బిచ్చమెత్తెననియు శతాబ్దముల తరువాత పుట్టిన కట్టుకథను చరిత్రకారులు త్రోసివేసిరి. జనులు పరదేశపు సేనానికి లేని అంధత్వమును కల్పించిరి. మన తిమ్మరుసు విషయమున కల్పన వేఱొకచోట జరిగినదని నాకు తోచును. కొడుకు మరణమునకు అప్పాజీ కారకుడు కాడని రాయలు తరువాత తెలిసికొని, పశ్చాత్తాపముతో కాళ్లపై పడి ఏడ్చెనని మనవారు చెప్పుకొందురు. న్యూనిజ్ గ్రంథమున ఈ ఏడుపు లేదు. రాయలను ప్రేమించిన జనము, అప్పాజీనికూడ ప్రేమించిన జనము, ఇద్దఱిని విడదీయలేక ఆ కన్నీటిని పెట్టి కలిపి యుందురు.

కొన్నేండ్ల క్రిందట పనిమీద పెనుకొండ పోయినపుడు, తిమ్మరుసు చెఱయని చూపు కట్టడము ప్రక్క నీడన కూర్చుండిన ముదుసలి యొకడు నాకు ఈ కథయంతయు చెప్పెను. మేకకన్నులు, విషము, శిక్ష, తుదకు రాయలు అప్పాజీ పాదములపై పడి విలపించుట అన్నియు వరుసగా చెప్పెను. "తాతా, రాయలు ఏడ్చినది ఎవరు చూచిరి?" అని అడిగితిని. "ఎవురు సూసేది సామీ, సూడాల్సినాయన కండ్లు పెరికేసిరి కదా" అనెను. నేను మఱేమియు అడుగలేదు. ప్రొద్దు కొండవెనుకకు వాలుచుండెను. మడకశిర బస్సునకు వేళయైనది.